గాజుపలక మీద అతిథి

మార్చి 3, సోమవారం

కళ్ళజోడు కూడా బరువే కదా. తీసి అలమారులో పెట్టి మరీ బరువు చూసే పలక ఎక్కాను. దాంతో పలక మీద వెలిగిన అంకె నాకు కనపడలేదు, ఏదో ఎర్రటి వెలుగు తప్ప. ఫర్వాలేదు, అంకె దానంతటదే ఫోనులోకి వస్తుందని, ఆసుపత్రి నుంచి వచ్చి దీన్ని బిగించి వెళ్ళినతను ముందే చెప్పాడు. వచ్చింది. తొంభై కిలోల ఏడువందల గ్రాములు. చదవడానికి మళ్ళీ కళ్ళజోడు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ ఏడువందలూ జోడువే అని సరిపెట్టుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ఆసుపత్రివాళ్ళు ఇచ్చినవి ఈ గాజుపలక, మణికట్టుకు ఒక పట్టీ, ఫోనులో ఒక యాప్. వీటితోపాటు ఒక మనిషిని కూడా ఇచ్చారు, వారానికోసారి ఫోను చేసే కోచ్. నేను ఎనభై రెండుకు రావాలి. వస్తే నా కిడ్నీ ఒకటి తీసి తమ్ముడికి పెడతారు. రాకపోతే వాడు వారానికి మూడుసార్లు డయాలిసిస్ మంచం మీద పడుకుంటూనే ఉండాలి. ఎన్నాళ్ళని ఎవరూ చెప్పరు. చెయ్యి మీద సూది గుచ్చే చోట నరం అప్పుడే బండబారిందని నర్సు అంటోంది.

డాక్టరు గదిలో నేను అయిదు నిమిషాల్లో తేల్చేసిన విషయమే మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. రక్తం నాదీ సరిపోయింది, మరదలిదీ సరిపోయింది. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే బరువు, ఇద్దరమూ ఎక్కువే. "ఎవరు తగ్గితే వాళ్ళకి మిగతా పరీక్షలు చేద్దాం" అన్నారు డాక్టరు. మరదలు నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "దానికి ఆరేళ్ళ పిల్ల ఉంది. నాకు ముందూ లేదు, వెనకా లేదు. నేనిస్తాను." తమ్ముడు తలూపాడు. మరదలు ఏమీ అనలేదు.

ఆమె ఎప్పుడూ ఏమీ అనదు. నడిస్తే అడుగుల చప్పుడైనా వినపడదు. మనసులో నేను ఆమెకి పెట్టుకున్న పేరు పిల్లి. ఈ పుస్తకంలో అలాగే రాస్తాను. ఎవరు చూడొచ్చారు?

బిగించినతను వెళ్తూ వెళ్తూ అడిగాడు, "ఇంట్లో ఇంకెవరైనా వాడతారా అండీ?" అని. నేనొక్కదాన్నే అన్నాను.

మార్చి 4

అదే అంకె. ఒక్క రాత్రిలో ఏం తగ్గుతుంది గనక. అయినా చిన్నబుచ్చుకున్నాను.

మార్చి 7, శుక్రవారం

కోచ్ మొదటిసారి ఫోను చేసింది. బొంగురు గొంతు. సన్నటి మనిషో లావుపాటి మనిషో గొంతును బట్టి తెలియడం లేదు. నా వృత్తికి ఇది అవమానం. దుకాణంలోకి అడుగుపెట్టిన మనిషి నడుము కొలత టేపు తీయకముందే చెప్పేస్తాను నేను.

"తిట్లు ఉంటాయా?" అని ముందే అడిగేశాను.

"తిట్టడానికి నేనెందుకక్కా, మీరు చాలరూ?" అంది. "నాకు కావలసింది వేరే. పక్కింటివాళ్ళ విషయాలు ఎంత ఆసక్తిగా చూస్తాం మనం? మీ విషయం మీరు అలా చూడండి. కోపం లేకుండా. ఏం తిన్నారన్నది తర్వాత. తినేముందు ఏం జరిగిందో అది చూడండి."

పక్కింటి విషయాలైతే నాకు చేతనైన పనే. ఇంటి విషయాలు ఇంకా బాగా చేతనవును.

ఇకనుంచి రోజూ పొద్దున్నే ఆమె మాటలు రికార్డు చేసి పంపుతుందట. నాకు ఆ వేళ చేతులు ఖాళీ ఉండవు, ఇంట్లో కూడా ఏదో ఒకటి కుడుతూనే ఉంటాను. ఫోనును బల్ల మీద పెట్టి గట్టిగా మోగిస్తే సరిపోతుంది. వంటింట్లో పిల్లి కూరగాయలు తరుగుతుంటుంది. విననీ. ఇందులో దాపరికం ఏముంది?

మార్చి 12, బుధవారం

ఒక వింత కనిపెట్టాను. చేత్తో కుడుతున్నప్పుడు, దారం లాగిన ప్రతిసారీ పట్టీ దాన్ని ఒక అడుగు కింద లెక్కేస్తోంది. పొద్దున ఒక పెళ్ళికూతురి గౌనుకు అంచు మడిచి కుట్టేసరికి ఊరి చివరిదాకా నడిచొచ్చినంత లెక్క తేలింది. మధ్యాహ్నం యాప్ అభినందనలు కూడా చెప్పింది.

ఇది మోసం కాదు. చెయ్యి కదిలిందా లేదా? కదిలింది. ఒంట్లోదే కదా చెయ్యి కూడా.

మా దుకాణం రైలు స్టేషను మెట్ల కింద. కొత్తవి కుట్టం, ఉన్నవాటిని సరిచేస్తాం. లావెక్కినవాళ్ళకి వదులు చేయడం, చిక్కినవాళ్ళకి బిగించడం. ఇస్త్రీ చేసే పెద్దాయన అంటాడు, మనుషులు రెండు రకాలని, అద్దంలో ముందు చూసుకునేవాళ్ళు, వెనక చూసుకునేవాళ్ళు. నేను ఏ రకం అని అడిగితే, "మీరు ఎదుటివాళ్ళనే చూస్తారు తల్లీ" అన్నాడు.

మార్చి 20

పొద్దున యాప్‌లో బరువు చూపించే గీతల పటంలో ఒకటికి రెండు చుక్కలు ఉన్నాయి. ఒకటి నేను ఎక్కినప్పటిది. రెండోది అంతకు గంట ముందుది, కాస్త కిందికి ఉంది. నేను ఎప్పుడు ఎక్కానబ్బా? నిద్రమత్తులో స్నానాలగదికి వెళ్తూ ఎక్కి ఉంటాను. కోచ్‌ని అడిగితే, "రోజులో తక్కువ అంకెనే యాప్ లెక్కలోకి తీసుకుంటుందక్కా, కంగారుపడకండి" అంది.

తక్కువ అంకెనే తీసుకుంటుందట. మంచి యాప్.

మార్చి 29, శనివారం

రెండు కిలోలు తగ్గాను!

తమ్ముడితో చెప్తే నమ్మలేదు, ఫోను తీసి చూపించాను. డాక్టర్లు వాడికి రోజంతటికీ తాగనిచ్చే నీళ్ళు ఒక చిన్న సీసాలోనే ఉంటాయి. పక్కన గీతలు గీసి ఉంటాయి. సాయంత్రానికి అడుగున రెండు గుక్కలు మిగుల్చుకుని ఆ రెండింటినీ ఒకటికి పదిసార్లు చూస్తూ కూర్చుంటాడు. ఇవాళ ఆ సీసా నాకు చూపించి, "నువ్వు తిండి కొలుచుకో, నేను నీళ్ళు కొలుచుకుంటా. ఎప్పుడైనా దొంగతనం చేయాలనిపిస్తే చెప్పు అక్కా, కలిసే చేద్దాం" అన్నాడు.

నవ్వాను. లోపల ఏడుపొచ్చింది. వీడు చిన్నప్పుడు కుళాయి కింద నోరు పెట్టి తాగుతుంటే చెవి మెలేసి లాక్కొచ్చేదాన్ని. అమ్మ పోయాక వీణ్ణి పెంచింది నేనే. ఇవాళ వాడికి దాహం వేస్తే నేనేమీ చేయలేకపోతున్నాను.

పిల్లి నా ఫోనువైపు ఒకసారి తొంగిచూసి, "మంచిది వదినా" అంది. ముఖంలో ఏదో వెలిగింది. సంతోషమే అనుకుంటాను.

ఏప్రిల్ 2, బుధవారం

కోచ్ చెప్పినట్టు తినేముందు ఏం జరిగిందో చూశాను.

మెట్ల పైన బండి దగ్గర వెన్న రాసిన తియ్య బన్ను. పోయిన సోమవారం తిన్నాను, అంతకుముందు శుక్రవారం తిన్నాను, ఇవాళ తిన్నాను. మంగళవారం ఆ బండి ముందునుంచే వెళ్ళాను, అటు చూడలేదు కూడా. ఇదేం ఆకలి, రోజు చూసుకుని వస్తుంది?

బన్ను సగంలో ఉండగా తట్టింది. ఆ మూడు రోజులూ తమ్ముణ్ణి డయాలిసిస్‌కి తీసుకెళ్ళే రోజులు. వాడి చేతికి సూది గుచ్చే వేళకి నేను మెట్లు ఎక్కుతున్నాను. ఫోను మోగుతుందేమో, ఏం చెప్తారోనని చెవి అక్కడే ఉంటుంది, నోట్లో బన్ను ఉంటుంది.

భయానికి బన్ను. యాప్‌లో మాత్రం టీ అని రాశాను.

అయినా బరువు తగ్గుతూనే ఉంది. ఒంటికి దాని లెక్కలు దానికి ఉంటాయి కాబోలు.

ఏప్రిల్ 6

నా బూడిదరంగు గౌను నడుము దగ్గర పట్టేస్తోంది. కుట్లు విప్పి వేలెడు వదులు చేశాను. పిల్లి ఈమధ్య కొత్త సబ్బు తెచ్చింది, అది బట్టల్ని కుదించేస్తున్నట్టుంది. చెప్పాలి.

ఏప్రిల్ 11

కోచ్ అడిగింది. "అక్కా, మీరు దుకాణంలో కూర్చునే నడుస్తున్నారా?"

పట్టుకుంది. కుట్టు సంగతి చెప్పేశాను. గట్టిగా నవ్వింది. "కుట్టేటప్పుడు పట్టీ తీసేసి, నడిచేటప్పుడు పెట్టుకోండి" అంది. నవ్వులో ఉండగా నేనూ అడిగేశాను, "ఇంతకీ మీ బరువెంత?" అని. "ఇది అడిగినవాళ్ళంతా నాకు బాగా నచ్చుతారు. కానీ చెప్పను" అంది.

ఏప్రిల్ 15, మంగళవారం

ఇవాళ పలక దిగగానే ఫోను విచిత్రంగా అడిగింది. "పలక మీద అతిథిని గుర్తించాం. ఈ అతిథి ఎవరు?"

అతిథా! నేనా? నా బరువు మరీ మారిపోయి మనిషిని గుర్తుపట్టలేకపోతోంది కాబోలు, పాపం. వదిలేయి అన్నచోట నొక్కాను. గీతల పటంలో మాత్రం ఇవాళ్టి చుక్క చక్కగా ఉంది, నిన్నటికంటే ఇంకాస్త కింద. తెల్లవారుజామునే వచ్చి కూర్చుంది. ఈ యంత్రానికి నేను లేవకముందే నా బరువు తెలిసిపోతోంది.

ఏప్రిల్ 16

మళ్ళీ అతిథి అంది. వదిలేయి.

ఏప్రిల్ 17

వదిలేయి.

ఏప్రిల్ 24, గురువారం

పిల్లి మాతో కూర్చుని తినడం మానేసింది. తర్వాత తింటానంటుంది. తింటుందో లేదో. పాపని బస్సు ఎక్కించడం కూడా మానేసి బడిదాకా నడిపించి తీసుకెళ్తోంది, అక్కణ్ణుంచి తను పనిచేసే హోటలుకు కూడా నడుచుకుంటూనే వెళ్తోంది. ఇవాళ కాస్త గట్టిగానే అన్నాను.

"నువ్వు కూడా మంచం ఎక్కితే ఈ ఇంట్లో చేసేదెవరు? కూర్చుని తిను."

"ఆకలి లేదు వదినా."

"దిగులు పెట్టుకోకు. నేను తగ్గుతున్నాను కదా. ఇంకో మూడు కిలోలు."

అప్పుడు నావంక చూసిన చూపు ఏమిటో నాకు అర్థం కాలేదు. జాలిలా ఉంది. నా మీద జాలేమిటి? నేను ఆపరేషనుకు భయపడుతున్నాననుకుందా? లేక నేనిస్తున్నానని కుళ్ళుకుంటోందా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఈమె ఏదో దాస్తోంది. కనిపెట్టకపోతే నా పేరు మార్చుకుంటాను.

మే 2, శుక్రవారం

కోచ్ ఇవాళ నడుము కొలత అడిగింది. బరువు ఒక్కటే చాలదట, టేపుతో కూడా చూడాలట.

"దర్జీకి టేపు కొదవా అక్కా? మీ మెడలో వేలాడేదే తీసి ఒకసారి చుట్టండి, చాలు."

అలాగే అన్నాను. పద్దెనిమిదేళ్ళుగా నా మెడలో ఉంది ఆ టేపు. ఊళ్ళో సగం నడుముల చుట్టూ తిరిగింది.

మే 3

కొలవలేదు. పనెక్కువ.

మే 4

మర్చిపోయాను.

మే 6

రేపు తప్పకుండా.

మే 9, శుక్రవారం

పిల్లి డ్యూటీకి వేసుకునే నీలం కోటుకు గుండీ ఊడింది. హోటలు రిసెప్షన్‌లో ఆ కోటు లేకపోతే ఊరుకోరు. ఇవాళ తనకి సెలవు కదా, దుకాణానికి తీసుకెళ్ళి కుట్టుకొస్తానన్నాను. "వద్దు వదినా, నేనే కుట్టుకుంటా" అని రెండుసార్లు అంది. ఇంట్లో దర్జీని పెట్టుకుని నువ్వు కుట్టుకోవడమేమిటని లాక్కున్నాను.

గుండీ కుట్టడం నిమిషం పని. కోటు తిరగేశాను, అలవాటు. పక్క కుట్లు చూసి చెయ్యి ఆగిపోయింది.

రెండు పక్కలా ఎవరో చేత్తో లోపలికి కుట్టారు. మిషన్ కుట్టు కాదు, వంకరటింకర చేతికుట్టు, మా ఇంటి డబ్బాలోని నా బూడిదరంగు దారంతో. ఇంకా దగ్గరగా చూస్తే దాని పక్కనే ఖాళీ సూది రంధ్రాలు ఒక వరుస. అంటే ముందొకసారి లోపలికి కుట్టి, అది కూడా వదులైపోతే, విప్పి మళ్ళీ ఇంకా లోపలికి కుట్టింది. రెండు పక్కలా కలిపి నాలుగు వేళ్ళ గుడ్డ మిగిలింది.

నాలుగు వేళ్ళంటే చిన్న సంగతి కాదు. ఆ లెక్క నాకు తెలుసు. ఏ మనిషైనా ఏడెనిమిది కిలోలు తగ్గితే తప్ప నేను నాలుగు వేళ్ళు బిగించను.

కోటు పక్కన పెట్టి, కొలతల గదిలోకి వెళ్ళి తెర వేసుకున్నాను. మెడలోంచి టేపు తీశాను. అద్దంలో నన్ను నేను చూసుకుంటూ చుట్టుకున్నాను. పోయిన ఏడాది దుకాణం ఏప్రాను కుట్టుకున్నప్పటి కొలత నాకు గుర్తుంది. దానికి అర అంగుళం ఎక్కువే ఉంది.

ఎక్కువ.

తెల్లవారుజాము చుక్కలు. అతిథి. సబ్బు మీద వేసిన నింద. అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ఆ తెర వెనక స్టూలు మీద ఎంతసేపు కూర్చున్నానో, ఇస్త్రీ పెద్దాయన వచ్చి, "తల్లీ, ఒంట్లో బాగుందా?" అని అడిగేదాకా లేవలేదు. గురివింద గింజ సామెత నేనెంతమంది మీద వాడానో.

మే 10, శనివారం

ఇంకా తెల్లవారకముందే లేచి వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాను. దీపం వేయలేదు. పలక అక్కడికి ఎదురుగానే ఉంటుంది.

వచ్చింది. చప్పుడు లేదు. జడలోంచి పిన్నులు ఒక్కొక్కటే తీసి అలమారులో, నేను కళ్ళజోడు పెట్టే చోటే పెట్టింది. చూస్తే నవ్వొచ్చింది నాకు, అంత కోపంలోనూ. పలక ఎక్కింది. ఎర్రటి వెలుగు ముఖం మీద పడింది. బుగ్గలు ఎంత లోపలికి పోయాయో అప్పుడు చూశాను. రోజూ చూసే ముఖమే.

"ఎంతుంది?" అన్నాను.

ఉలిక్కిపడింది, కానీ దిగలేదు. "ఎనభై రెండున్నర" అంది.

"ఎన్నాళ్ళుగా?"

"మీరు మొదలుపెట్టిన వారం నుంచి."

"ఎందుకు?"

"ఎవరో ఒకరం తగ్గాలిగా వదినా."

"నేను తగ్గుతున్నానని ఇంటిల్లిపాదికీ చాటుతుంటే నీకు నోరు లేదా?"

పలక దిగి వచ్చి నేలమీద నా ఎదురుగా కూర్చుంది. "మీరు రెండు కిలోలు తగ్గానన్న రోజు నిజంగా సంతోషించాను. ఇక నేను మానేయొచ్చు అనుకున్నా. వారం తర్వాత మీ బూడిద గౌను ఉతుకుతుంటే నడుము దగ్గర కుట్లు విప్పి కనిపించాయి. ఉతికేది నేనేగా. అప్పట్నుంచి మానలేదు."

నేను ఆమె కుట్లు చదవడానికి రెండు నెలలు పట్టింది. ఆమె నా కుట్లు వారంలో చదివేసింది.

"నీ అంకెలన్నీ నా ఫోనులోకి వచ్చాయి, తెలుసా? అవే నావనుకుని ఊరేగాను."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "ఫోనులోకా? దీపం ఆరిపోతే అంకె పోయిందనుకున్నా వదినా! మీ కొలత మీరు చూసుకుంటున్నారనుకున్నా." తర్వాత ఇద్దరమూ నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాం, లోపల వాడూ పాపా నిద్రపోతున్నారని. ఏడుస్తున్నామో నవ్వుతున్నామో చెప్పలేను. సొమ్మొకరిది సోకొకరిది అంటే ఇదే.

"ఆ కోచమ్మ పొద్దున్నే చెప్పేవన్నీ కూరగాయలు తరుగుతూ విన్నాను" అంది. "పళ్ళెంలో సగం కూర ఉండాలంది, పెట్టుకున్నా. నడవమంది, నడిచా. మీరు మిషన్ చప్పుడులో సగం వినేవారు కాదు."

"వాడికి తెలుసా?"

తల అడ్డంగా ఊపింది. "కిడ్నీ ఇవ్వనని ఆయన నా దగ్గర మాట తీసుకున్నారు, పాప కోసం. బరువు తగ్గనని నేను మాటివ్వలేదు."

పిల్లికి ఇన్ని మాటలు వచ్చని నాకు తెలియదు. అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది గానీ, అప్పుడు తెలియలేదు.

"వాణ్ణి పెంచింది నేను" అన్నాను.

"మీరే పెంచారు వదినా, కాదన్నానా?" అంది నెమ్మదిగా. "కానీ ఆయనతో కలిసి ముసలిదాన్ని కావలసింది నేను."

మే 11

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

మే 13, మంగళవారం

కోచ్‌కి చెప్పాను.

"మీ బరువుకి దగ్గరగా ఎవరు ఎక్కినా పలక అది మీరే అనుకుంటుందక్కా. ఆమె తగ్గినకొద్దీ ఆమె వెనకే పోయింది. చివరికి మీరు దానికి కొత్త మనిషయ్యారు. తెల్లవారుజాము చుక్కలు చూసి నేనైనా అడగాల్సింది. గీత కిందికి దిగుతుంటే నేనూ మురిసిపోయాను."

"నాకు బాధగా ఉంది" అన్నాను. "తగ్గనందుకు కాదు. వాడికి ఇచ్చేది నేను కానందుకు."

చెప్పాక భయం వేసింది, ఇదెంత చెడ్డ మాట అని. ఆమె తిట్టలేదు. "దాన్ని కూడా అలాగే చూడండి, పక్కింటివాళ్ళ సంగతి చూసినట్టు" అంది.

చూశాను. డాక్టరు గదిలో అంత తొందరగా నోరు తెరిచింది వాడి కోసమే అనుకున్నాను. వాడి కోసమే. కానీ ఈ ఇంట్లో నాకొక చోటు కావాలని కూడా. ముందూ వెనకా ఎవరూ లేరని నేనే అన్నాను కదా. కిడ్నీ ఇచ్చిన మనిషిని ఎవరూ బయటికి పొమ్మనరు.

ఎవరైనా పొమ్మన్నారా? ఒక్కరోజు కూడా అనలేదు.

మే 16, శుక్రవారం

డయాలిసిస్ నుంచి వచ్చి వాడు పడుకుని ఉండగా చెప్పేశాను. మరదలు తలుపు దగ్గరే నిలబడింది.

"కుదరదు" అన్నాడు. లేవడానికి ఓపిక లేదు గానీ అరవడానికి ఉంది. "ఇద్దరం కత్తి కిందికి వెళ్ళి ఇద్దరికీ ఏదైనా అయితే? పాపకి ఒక్కరైనా మిగలాలి అక్కా."

"ఒక్కరేంట్రా? నేను లెక్కలో లేనా?"

"నువ్వు వేరు..."

"ఏం వేరు? నేనేమైనా ఈ ఇంటికి అతిథినా?"

ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో. నేను ఆగలేదు. "నిన్ను పెంచినప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. చేతిలో ఏమీ లేదు. అయినా నువ్వు ఇంతవాడివయ్యావు. నీ కూతుర్ని చూసుకోలేనా? మీ ఇద్దరికీ ఏమీ కాదు. అయినా సరే, వింటున్నావా, అయినా సరే, దానికి నేనున్నాను. ఆమె దగ్గర తీసుకున్న మాట వదిలిపెట్టు."

తర్వాత వాడు పెళ్ళాం వైపు తిరిగి, "ఎంత తగ్గావు?" అని అడిగాడు. ఆమె చెప్పింది. "నేను చూడనేలేదు" అన్నాడు.

"ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు" అన్నాను. "యంత్రం ఒక్కటే చూసింది, అదీ తప్పుగా."

మే 26

డాక్టరు మరదలి బరువు చూసి మిగతా పరీక్షలు రాశారు. ఆసుపత్రి కాటా మీద ఆమె ఎక్కుతుంటే పిన్నులూ గాజులూ నేను పట్టుకుని నిలబడ్డాను.

నేను మానేయడం లేదు. పరీక్షల్లో ఏదైనా తేడా వస్తే ఇంకో మనిషి సిద్ధంగా ఉండాలని డాక్టరు అన్నారు. ఉంటాను.

మే 27

యాప్‌లో రెండో మనిషిని చేర్చాను. పేరు అడిగితే మరదలిది రాశాను. పిల్లి అని రాయలేదు. ఇక ఈ పుస్తకంలో కూడా రాయను.

తర్వాత కళ్ళజోడు పెట్టుకుని పలక ఎక్కాను. తొంభై ఒకటి. ఎర్రగా, పెద్దగా, ఏ సందేహమూ లేకుండా ఉంది. దిగాక ఫోను నన్ను ఎవరని అడగలేదు.

జూన్ 11, బుధవారం

అదే మెట్లు, అదే వేళ. కాళ్ళు బండివైపు నడిచాయి. ఆగాను. ఫోను తీసి ఆసుపత్రికి చేశాను, నర్సు వాడికే ఇచ్చింది. "సూది గుచ్చేశారా?" అన్నాను. "గుచ్చేశారు. ఏంటక్కా, ఇప్పుడు చేశావు?" అన్నాడు. ఏమీ లేదన్నాను. ఏదేదో మాట్లాడాం. పైకి వెళ్ళలేదు.

పోయిన శుక్రవారం మాత్రం తిన్నాను. యాప్‌లో బన్ను అనే రాశాను.

జూన్ 30

పరీక్షలన్నీ సరిపోయాయి. తేదీ ఇచ్చారు. నా బరువు ఎనభై తొమ్మిది, కళ్ళజోడుతో సహా. తగ్గింది చిన్న అంకే, కానీ నాది.

జూలై 8, మంగళవారం

రేపు ఇద్దరూ ఆసుపత్రిలో చేరతారు. ఎల్లుండి ఆపరేషను.

మరదలి నీలం కోటును ఇవాళ దుకాణానికి తీసుకెళ్ళాను. ఈసారి తనే ఇచ్చింది. ఆ వంకర చేతికుట్టు మొత్తం విప్పి, ఇస్త్రీ పెద్దాయనతో మడతలు సాఫు చేయించి, మిషన్ మీద కొత్తగా కుట్టాను. మిగిలిన నాలుగు వేళ్ళ గుడ్డను కత్తిరిస్తే కుట్టు సన్నగా, అందంగా వస్తుంది. అందరికీ అలాగే చేస్తాం. కత్తెర చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. గుడ్డనంతా లోపలికి మడిచి, పైపైన కుట్టి వదిలేశాను.

పెద్దాయన చూసి, "కాస్త ఉబ్బుగా కనపడదూ?" అన్నాడు.

"కనపడనీ" అన్నాను. "తిరిగొచ్చాక నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది. అప్పుడు వదులు చేయాలిగా."

జూలై 10, గురువారం

పాపని పక్కన పడుకోబెట్టుకుని రాస్తున్నాను. ఇద్దరూ ఆపరేషను గదిలోంచి బయటికి వచ్చారు. మరదలు నన్ను చూసి, "కోటు ఇంట్లోనే ఉందా?" అని అడిగింది, ఇంకా మత్తులోనే.

జూలై 11

తమ్ముడు నీళ్ళు అడిగాడు.

నర్సు గ్లాసు నిండా పోసి ఇచ్చింది. తాగి, అలవాటు కొద్దీ గ్లాసు అడుగున రెండు గుక్కలు మిగిల్చి నా వైపు చూశాడు. నర్సు తన కాగితం మీద ఎంత తాగాడో రాసుకుని, "అదెందుకు మిగిల్చారు? ఇంకా తాగాలి మీరు" అని మళ్ళీ నింపింది.